నిశాని నుంచి చేవ్రాలు దాకా: అమ్మమ్మ బతుకును రాసిపెట్టుకోవడం ఎలా

నేను దస్తావేజులు రాసేవాణ్ణి. దివిసీమలో, మా ఊరి రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా 22 ఏళ్లుగా ఇదే పని. 2016లో, కృష్ణా పుష్కరాలు అయిపోయిన నెలకి, ఒకాయన పొలం అమ్మకానికి లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ పొలం తాలూకు పాత దస్తావేజులు, పట్టుకొచ్చారు. ఒక్కొక్కటీ తిరగేస్తుంటే 1978 నాటి క్రయ దస్తావేజు చేతికొచ్చింది. అమ్మినవాళ్ల పేరు చదివి ఆగిపోయాను. మా అమ్మమ్మ. ఫలానావారి భార్య, వయస్సు సుమారు 45 సంవత్సరములు, కుటుంబ ఖర్చుల నిమిత్తం 30 సెంట్లు. చివర ఊదా సిరాతో వేలిముద్ర. పక్కన ఆవిడ పేరు, ఆ పక్కన 'నిశాని' అని లేఖరి దస్తూరీ.

'కుటుంబ ఖర్చుల నిమిత్తం' అని నా చేత్తో నేనే కొన్ని వందల సార్లు రాసి ఉంటాను. ఆ మాట వెనక ఏముందని ఎవరినీ ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి అమ్మమ్మ వాకిట్లో చేట పెట్టుకుని మినుములు చెరుగుతోంది.

"అమ్మమ్మా, 78లో ముప్పై సెంట్లు ఎందుకమ్మావు?"

"గేదెల కోసంరా. ఉన్న రెండూ ఉప్పెనకి పోయాయిగా" అంది, తలెత్తకుండానే.

ఆ రోజు మొదలుపెట్టి, 2019 మాఘమాసంలో ఆవిడ పోయేదాకా అడుగుతూ రాస్తూ వచ్చాను. పోయాక ఇంకో రెండేళ్లు పట్టింది. ఒక లాంగ్ నోట్‌బుక్ నిండింది. మీ ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే ఎలా మొదలుపెట్టాలో, పోయి ఉంటే ఎక్కడ వెతకాలో నాకు తెలిసినంత చెబుతాను. కాగితాల్లో ఆడవాళ్ల బతుకు 'భార్య', 'సుమారు' అనే రెండు మాటల్లో అయిపోతుంది. మిగతాదంతా మనం వెతికి పట్టుకోవాల్సిందే.

అడిగే పద్ధతి

"నీ జీవితం గురించి చెప్పు అమ్మమ్మా" అని అడక్కండి. నేను మొదట అలాగే అడిగాను. "ఏముందిరా, పుట్టాం, పెళ్లయింది, పిల్లల్ని పెంచుకున్నాం" అని మూడు ముక్కల్లో తేల్చేసింది. అంత పెద్ద ప్రశ్నకి ఎవరైనా అంతే చెబుతారు.

ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోకండి. పప్పు ఏరేటప్పుడో వత్తులు చేసేటప్పుడో పక్కన చేరి మీరూ నాలుగు గింజలు ఏరండి. చేతులు పనిలో పడితే మాట దానంతటదే వస్తుంది. ప్రశ్న ఎంత చిన్నదైతే అంత మంచిది. తాగే నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్లు? ఆ దారిలో ఎవరెవరి ఇళ్లు దాటాలి? కాపురానికి వచ్చిన రోజు బండిలో నీ పక్కన ఎవరు కూర్చున్నారు? అత్తగారింట్లో మొదటి రోజు ఏం కూర వండారు? దారి గురించి అడిగినప్పుడు మా అమ్మమ్మ కళ్లు మూసుకుని చెరువు దాకా నడిచినట్టే చెప్పింది. ఒక్కో గుమ్మం దగ్గరా ఒక్కో కథ. రెండు సాయంత్రాలు పట్టింది.

అన్నిటికన్నా బాగా పనిచేసిన ప్రశ్న ఒకటుంది. నీది అనుకునే డబ్బు మొదటిసారి నీ చేతిలో ఎప్పుడు పడింది, ఎక్కడ దాచావు? వెన్న అమ్మిన డబ్బు మెంతుల డబ్బా అడుగున పెట్టేదట. మా పెద్దమ్మ ఫీజులకీ పుస్తకాలకీ ఆ డబ్బాలోంచే ఇచ్చిందని మా తాతయ్యకి చివరిదాకా తెలియదు. మెంతులే ఎందుకంటే, "మగవాళ్లు మెంతుల డబ్బా తియ్యరుగా" అంది.

ఆవిణ్ణి ఎవరెవరు ఏమని పిలిచేవాళ్లో తప్పకుండా రాసుకోండి. పుట్టింట్లో చిట్టి. అత్తగారింటికి వచ్చాక కొన్నేళ్లు ఉత్త కోడలు. తర్వాత పెద్దొదిన, పిన్నిగారు, చివరికి ఊరంతటికీ మామ్మగారు. చిట్టి అని పిలిచే ఆఖరి మనిషి ఎప్పుడు పోయారని అడిగాను. కాసేపు లెక్కపెట్టుకుని, "మా పెద్దన్నయ్య. అప్పటికి నువ్వు పదో తరగతిలో ఉన్నావు" అంది.

'సుమారు' సంగతి

ఆధార్‌లో మా అమ్మమ్మ పుట్టినరోజు 01-01-1942. రేషన్ కార్డులో వయసు లెక్కేస్తే 1945. దస్తావేజులో సుమారు 45 కాబట్టి 1933. మూడు కాగితాల మధ్య 12 ఏళ్ల తేడా. పాతకాలం వాళ్లకి జనవరి 1 అని ఉందంటే చాలావరకు తేదీ తెలియక వేసిందే. దాన్ని నమ్ముకోకండి.

ముందు తెలుగు సంవత్సరం పేరు కనుక్కోండి. అమ్మమ్మ తమ్ముడు, అంటే నాకు చిన్నతాతయ్య, "అక్కయ్య బహుధాన్యలో పుట్టింది, నేను విక్రమలో" అని ఠక్కున చెప్పాడు. సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి. 1998 ఉగాది నుంచి 1999 ఉగాది దాకా బహుధాన్య, దానికి 60 వెనక్కి వేస్తే 1938-39. కార్తీక పౌర్ణమి వెళ్లిన నాలుగో రోజని వాళ్లమ్మ చెప్పేదట. అంటే 1938 నవంబరు. పంచాంగంలో 60 పేర్లూ వరసగా ఉంటాయి, ఒక కాగితం మీద పక్కన ఇంగ్లీషు ఏళ్లు వేసుకుంటే ఇంట్లో అందరి లెక్కా అరగంటలో తేలుతుంది. ఒక్క జాగ్రత్త: జనవరి నుంచి ఉగాది లోపు పుట్టినవాళ్లు ముందటేటి పేరులోకి వస్తారు.

ఈ లెక్క తేలాక ఇంకోటి బయటపడింది. 1977లో ఉప్పెన వచ్చిన నాటికి అమ్మమ్మకి సరిగ్గా 39. ఇప్పుడు నా భార్య వయసు. నా ఊహలో అమ్మమ్మ ఎప్పుడూ ముసలావిడే. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

సంవత్సరం పేరు గుర్తులేకపోతే ఊరందరికీ తెలిసిన సంగతి పట్టుకోండి. "బెజవాడలో కొత్త బ్యారేజీ కడుతున్నారు, మీ తాతయ్య అక్కడ పనికి వెళ్లాడు, మీ అమ్మ నా కడుపులో ఉంది" అంది. ప్రకాశం బ్యారేజీ పని 1954లో మొదలై 1957లో పూర్తయింది. అక్కణ్ణుంచి మా అమ్మ పుట్టిన ఏడు దగ్గరికొచ్చింది. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. గోదావరివి 1979, 1991, 2003, 2015. "పుష్కరాలకి నిన్ను చంకనేసుకుని వెళ్లా" అంటే ఏ ఏడో ఇట్టే తెలుస్తుంది. రెండు రూపాయలకి కిలో బియ్యం అంటే 1983 లేదా ఆ తర్వాత. ధర అణాల్లో చెబితే 1957 ఏప్రిల్లో నయా పైసలు రాకముందు మాట కావొచ్చు. కావొచ్చు అంటున్నాను ఎందుకంటే మా అమ్మమ్మ చనిపోయేదాకా పావలా, బేడ అనే అనేది. వీశెలకీ అంతే, కిలోలు వచ్చి అరవై ఏళ్లయినా బెల్లాన్ని వీశెల్లోనే చెప్పేది.

మా వైపు వాళ్లకి ఇంకో మాట. 'గాలివాన అప్పుడు' అంటే ఏ గాలివానో అడగండి. 1977 ఉప్పెన నవంబరు 19న, శనివారం, కార్తీకమాసంలో వచ్చింది. 1990 తుఫాను మే నెలలో, ఎండల్లో. పెద్దవాళ్లు మాటల్లో రెండూ కలిపేస్తారు. చలి ఉందా, ఉక్క ఉందా? పొలంలో వరి ఉందా, లేదా? ఈ రెండూ అడిగితే చాలు, ఏది ఏదో తెలిసిపోతుంది.

అటక మీది పాత్రలు దించండి

ఇది చాలామందికి తట్టదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మన ఇళ్లలో పాత్రల మీద పేర్లు కొట్టించే అలవాటుంది. ఎవరిచ్చారు, ఎవరి పెళ్లికి, ఏ తేదీన అన్నీ దాని మీదే ఉంటాయి. ఏ రిజిస్టరులోనూ లేని సంగతులు గిన్నె అంచున దొరుకుతాయి.

ఇత్తడి, కంచు, స్టీలు, అన్నీ దించి వాకిట్లో పరవండి. తోమేసి కాదు, దించినవి దించినట్టుగానే. మురికి అక్షరాల్లో కూరుకుని ఉంటేనే బాగా కనిపిస్తాయి. పాత ఇత్తడి మీద ఉలితో చుక్కచుక్కగా కొట్టిన అక్షరాలుంటాయి, తర్వాత వచ్చిన స్టీలు మీద మెషీన్‌తో గీసినవి. అరిగిపోయి కనబడకపోతే ముగ్గుపిండి చల్లి వేలితో మెల్లగా రుద్ది, పైపైన తుడవండి. పిండి గాట్లలో ఉండిపోయి తెల్లగా తేలుతుంది. చీకట్లో సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి ఏటవాలుగా వేసినా నీడకి అక్షరం లేస్తుంది. అప్పుడు ఫొటో తీసుకోండి. నోట్‌బుక్‌లో ఏ పాత్ర, ఏం రాసి ఉంది, ఎంత తేదీ, ఇచ్చినవాళ్లు మనకేమవుతారు అని గళ్లు గీసి ఎక్కించండి.

మా ఇంట్లో పేర్లున్న పాత్రలు 41 తేలాయి. మా పెద్దమ్మ పెళ్లి తేదీ ఎవరికీ గుర్తులేదు, పాలగిన్నె మీద దొరికింది. ఒక స్టీలు పళ్లెం మీద 'ముగ్గుల పోటీ, ద్వితీయ బహుమతి, 14-1-1984' అని ఉంది. ముప్పై ఏళ్లకి పైగా ఆ పళ్లెంలో అన్నం తిన్నాం, ఎవరం చదవలేదు. అడిగితే అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. నేల మీద వేలితో ఆ ముగ్గు చుక్కలు పెట్టి చూపించింది, ఇరవై ఒకటి చుక్కలు, సరిచుక్క. మొదటి బహుమతి ఎవరికొచ్చిందో, ఆవిడ ముగ్గులో ఎక్కడ గీత తప్పిందో కూడా చెప్పింది.

అన్నిటి కింద ఒక ఇత్తడి బిందె. పక్కకి సొట్టపడి, బోర్లించి ఉంది. అంచు మీద వాళ్ల నాన్న పేరు, '1966'. మిగతా వాటిలా దీన్ని ఎవరూ ఎప్పుడూ వాడటం నేను చూడలేదు.

"అది మా చెల్లెలిది" అంది అమ్మమ్మ.

చెల్లెలి పెళ్లికి నాన్న సారెలో పెట్టిన బిందె. చెల్లెల్ని సముద్రం వైపు ఊరికిచ్చారు. ఉప్పెనలో దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. ఆ లెక్క చిన్నప్పటి నుంచి వింటున్నదే. అందులో మా చినమ్మమ్మ, ఆవిడ భర్త, ఇద్దరు పిల్లలు ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది. నీళ్లు తీశాక చిన్నతాతయ్య గట్ల వెంట వెతుక్కుంటూ వెళ్తే, ఎవరిదో పొలంలో బురదలో కూరుకుపోయి ఈ బిందె కనిపించిందట. బురద తుడిస్తే వాళ్ల నాన్న పేరు. మనుషులు మాత్రం దొరకలేదు.

ఒకే ఒక్క ప్రశ్న వేశాను. "ఇంకేం అడక్కు" అంది. ఫోన్‌లో రికార్డింగ్ నడుస్తోంది. ఆవిడకి కనబడేలా ఆపేసి, ఆపేశానని చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకున్నాను. మీరూ అలాగే చెయ్యండి. వద్దన్నచోట ఆగండి. ఇంకోరోజు ఇంకో దారిలో అదే సంగతి రాబట్టాలని చూడొద్దు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. పది రోజుల తర్వాత, బట్టలు మడతపెడుతూ, నేనేమీ అడక్కుండానే అంది: "దానికి నీళ్లు మొయ్యాలంటే మహా బద్ధకంరా. పుట్టింట్లో దాని వంతు కూడా నేనే మోసేదాన్ని."

నోట్‌బుక్‌లో చినమ్మమ్మ గురించి ఉన్న పేజీలో ఈ రెండు మాటలే ఉన్నాయి, ఆవిడ అన్నది అన్నట్టుగా.

కాగితాలు చదవడం

ఇది నా పని కాబట్టి నమ్మకంగా చెప్పగలను. బీరువాలోనో ట్రంకు పెట్టెలోనో ఉన్నవన్నీ తీయండి. దస్తావేజులు, పాస్‌పుస్తకం, పాత రేషన్ కార్డులు, ఓటరు కార్డు, డ్వాక్రా సంఘం పుస్తకం, మందుల చీటీలు కూడా.

పాత దస్తావేజులో మనకి పనికొచ్చేవి మూడు. మొదటిది, ఎవరి దగ్గర నుంచి ఎవరికి, ఏ కారణంతో. పుట్టింటివాళ్లు 'పసుపు కుంకుమల నిమిత్తం' ఇచ్చిన భూమి అయితే ఆ మాట రాసే ఉంటుంది. అమ్మమ్మకి సొంతంగా ఏముండేదో, అది ఎప్పుడు చేతులు మారిందో దాన్నిబట్టే తెలుస్తుంది. రెండోది హద్దులు. తూర్పు ఫలానావారి పొలం, పడమర ఫలానావారి పొలం అని నాలుగు పేర్లుంటాయి. గట్టు పక్క గట్టు వాళ్లు, నాట్లకీ కోతలకీ ఆవిడతో కలిసి వంగినవాళ్లు. వాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉంటారు, వెళ్లి కలవండి. మూడోది సాక్షులు. సాక్షి సంతకం చేసే మనిషి ఇంటికి కావలసినవాడై ఉంటాడు. 1978 దస్తావేజులో సాక్షి కొడుకు ఇప్పటికీ నాలుగు వీధుల అవతల ఉన్నాడు. ఆ రిజిస్ట్రేషన్ అయిన రోజు సాయంత్రమే అమ్మమ్మ గేదెల బేరానికి వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని వెళ్లిందని, పొదుగు తానే చూసి ఎంచుకుందని ఆయనే చెప్పాడు.

కాగితం ఇంట్లో లేకపోతే, దస్తావేజు నంబరు, ఏడాది తెలిస్తే రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆంధ్రలో 1983 నుంచి జరిగిన లావాదేవీలకి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం, కంప్యూటర్లో వస్తుంది, అంతకు ముందువి ఆఫీసు పుస్తకాల్లో వెతికించుకోవాలి. ఒక సంగతి గుర్తుంచుకోండి. పాతరోజుల్లో దస్తావేజుని ఆఫీసు పుస్తకంలోకి చేత్తో ఎక్కించేవాళ్లు. అందుకని ఆ నకలులో మాటలు ఉంటాయి గానీ ఆవిడ వేలిముద్ర ఉండదు. అది కావాలంటే అసలు ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి. నేను ఆ పొలం ఆసామిని అడిగి వేలిముద్ర ఉన్న పేజీ ఫొటో తీసుకున్నాను. దగ్గరగా పెట్టి చూస్తే బొటనవేలి గీతల్ని అడ్డంగా కోసుకుంటూ ఒక గాటు కనబడుతుంది. కొడవలి గాటు. ఆ వేలిని నేను చిన్నప్పుడు పట్టుకుని నడిచాను. మచ్చ నాకు తెలుసు, కథ తెలియదు. అదీ ఆ తర్వాతే అడిగాను.

ఇంకో దస్తావేజు మా అమ్మ బీరువాలోనే ఉంది. 1996లో అమ్మమ్మ మా అమ్మకి ఇంటిస్థలం రాసిచ్చిన దఖలు దస్తావేజు. చివరి పేజీలో వేలిముద్ర పక్కన సంతకం. బాల్‌పెన్నుతో నొక్కి రాసింది, వెనకవైపు వేలు పెడితే తగులుతుంది. రెండో అక్షరానికి తలకట్టు మర్చిపోయి తర్వాత పైన విడిగా పెట్టినట్టుంది. లేఖరి ఎదురుగా 'చేవ్రాలు' అని రాశాడు.

1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు మా వీధిలో రాత్రిబడి పెట్టారు. పాఠం చెప్పింది పదో తరగతి పాసైన పక్కింటి అమ్మాయి. యాభై దాటిన అమ్మమ్మ అన్నాలయ్యాక లాంతరు పట్టుకుని వెళ్లేదట. పగలు పొయ్యి దగ్గర బొగ్గుముక్కతో గచ్చు మీద పేరు రాసుకుని, మళ్లీ తడిగుడ్డతో తుడిచేసేది. తాతయ్య చూస్తాడనా అని అడిగాను. "ఆయన చూస్తే ఏంలే. అక్షరం తొక్కకూడదుగా" అంది.

మీ ఇంట్లో కాగితాలన్నీ తేదీల వరసలో పెట్టి, వేలిముద్ర ఎక్కడ ఆగిందో, సంతకం ఎక్కడ మొదలైందో చూడండి. ఆ రెంటి మధ్య ఏళ్లలో ఏం జరిగిందో తప్పకుండా అడగండి.

చేతి కొలతలు

వంట గురించి అడిగితే "కాస్త", "చూసుకుని", "సరిపడా" అని చెబుతారు. దాంతో ఏమీ వండలేం. ఒక చిన్న వంటింటి త్రాసు కొనండి. ఖాళీ గిన్నె దాని మీద పెట్టి, ఆవిడ ఏది వెయ్యబోయినా ముందు ఆ గిన్నెలో వెయ్యమనండి. బరువు రాసుకున్నాక అసలు గిన్నెలోకి వంచండి. ఆవిడ చెయ్యి ఆపకూడదు, మీరే పక్కన చకచకా ఉండాలి.

మా అమ్మమ్మ సున్నుండలకి ఇలాగే చేశాం. పొలంలో పండిన పొట్టు మినుములు తవ్వెడు తీసుకునేది. మా వైపు తవ్వంటే రెండు సోలలు. బెల్లం, నెయ్యి బరువులు దొరికాయి. వేపు మాత్రం త్రాసుకి దొరకదు. "వాసన వచ్చాక ఇంకో రెండు నిమిషాలు" అనేది, ఆ రెండు నిమిషాలు గడియారంలో ఏడయ్యాయి. గింజని పంటికింద వేసి కొరికి చప్పుడు వినమనేది. టప్పున విరగాలి, నలగకూడదు. అందుకని ఆ చప్పుడు కూడా ఫోన్‌లో రికార్డు చేశాం. ఉండ చుట్టేటప్పుడు ఆవిడ చేతుల్ని వీడియో తీయండి, మొహం అక్కర్లేదు. ఎడమచేతి బొటనవేలు ఉండని ఎలా తిప్పుతుందో చూసి ఇప్పుడు నా కూతురు అలాగే చుడుతోంది.

రికార్డింగ్

ఇందులో పెద్ద విద్యేమీ లేదు. ఫోన్‌ని దిండు మీదో మడతపెట్టిన తువ్వాలు మీదో పెట్టండి. నేల మీద పెడితే ప్రతి చప్పుడూ ఎక్కుతుంది. ఫ్యాన్ ఆపండి. ఇరవై నిమిషాలకి మించొద్దు, వాళ్లు అలిసిపోతారు. మొదట్లోనే తేదీ, ఎవరెవరున్నారు, ఏం పని చేస్తూ మాట్లాడుతున్నారు అని మీ గొంతుతో చెప్పండి.

ఆ రోజు రాత్రే కాపీ తీసుకోండి. 2017లో నా ఫోన్ ఛార్జింగ్ ఎక్కడం లేదని రిపేరుకిస్తే, షాపులో నన్ను అడక్కుండా మొత్తం తుడిచేసి ఇచ్చారు. అందులో అమ్మమ్మ పాడిన నాట్ల పాటలు మూడున్నాయి. మళ్లీ పాడమంటే రెండే గుర్తొచ్చాయి. మూడోది మొదటి చరణం దగ్గరే ఆగిపోయింది. ఆ బాధ నాకింకా తగ్గలేదు. ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చెల్లెలికో మేనమామకో పంపండి.

ఆవిడ లేకపోతే

ఆవిడ పోయి ఉంటే ముందు ఆవిడ ఈడువాళ్ల దగ్గరికి వెళ్లండి. కొడుకులూ కూతుళ్లూ తర్వాత. పిల్లలకి అమ్మగానే తెలుసు. తోడికోడలికి, పుట్టింటి ఊళ్లో కలిసి తిరిగిన వాళ్లకి, పాలు పోయించుకున్న ఇళ్లవాళ్లకి వేరే మనిషి తెలుసు. పెద్దకర్మ రోజు అందరూ ఒక్కచోట చేరతారు. ఆ రోజు ప్రశ్నలు వెయ్యకండి. పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుని, నెల పోయాక ఒక్కొక్కరి ఇంటికి వెళ్లండి. ఆవిడ ఫొటో ఒకటి, పేరున్న గిన్నె ఒకటి పట్టుకెళ్లండి. గిన్నె చేతిలో పెడితే మాట్లాడటానికి ఎక్కువసేపు పట్టదు.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, ఎవరు చెప్పారో పక్కన వెయ్యండి. తీర్పు మీరు చెప్పకండి.

రాయడం

ప్రేమమూర్తి, త్యాగమయి, అన్నపూర్ణ లాంటి మాటలు రాయకండి. మీ ప్రేమని నేను తక్కువ చెయ్యడం లేదు. కానీ ఆ మాటలు ఎవరి అమ్మమ్మకైనా సరిపోతాయి. మెంతుల డబ్బా మా అమ్మమ్మ ఒక్కదానిదే. ఆవిడ కోపం, పట్టుదల, మాట్లాడటం మానేసిన బంధువు, అవీ రాయండి. మా అమ్మమ్మ ఒక తోడికోడలితో పదకొండేళ్లు మాట్లాడలేదు. రాయనా అని అడిగితే "రాయి, కానీ నేనే ముందు పలకరించానని కూడా రాయి" అంది.

ఆవిడ మాటల్ని గ్రాంథికంలోకి తిప్పకండి. 'వచ్చుద్ది' అంటే అలాగే ఉంచండి.

నోట్‌బుక్‌లో కుడి పేజీలోనే రాయండి. ఎడమ పేజీ మొత్తం ఖాళీగా వదిలెయ్యండి. పుస్తకాన్ని ఇంట్లో దాచకుండా ఏడాదికొకసారి, తద్దినానికి అందరూ వచ్చినప్పుడు, పెన్ను కట్టి అరుగు మీద పెట్టండి. చదివినవాళ్లు ఏమైనా సరిచెయ్యాలంటే ఎడమ పేజీలో రాసి సంతకం పెట్టాలి. మా పుస్తకంలో ఇప్పటికి పందొమ్మిది ఎడమ పేజీలు నిండాయి. మొన్న మాఘంలో ఆ తోడికోడలు వచ్చింది. ఆవిడకి ఎనభై దాటాయి, చత్వారం. మా అమ్మాయి పక్కన కూర్చుని పదకొండేళ్ల సంగతి ఉన్న పేజీ చదివి వినిపించింది. అంతా విని పెన్నందుకుని, ఎడమవైపు వణుకుతున్న చేత్తో రాసింది: "ముందు పలకరించింది అక్కయ్యే. కానీ ఆ రోజు గుమ్మం దాకా వెళ్లి నిలబడింది నేను."